గాలి ఒక పూట, చీకటి ఒక సంవత్సరము

‘హరికేన్’ అను మాట ఇంగ్లీషువారి సొత్తని మనము సామాన్యముగా తలంచుచుందుము. కాని అది కరీబియన్ సముద్రపు దీవులలో, కొలంబసు ఓడలు రాకపూర్వమే, చేపలు పట్టుకొనుచు, కర్రపెండలము పండించుకొనుచు జీవించిన తాయినో అను ఆదిమజాతివారి నోట పుట్టిన మాట. తమ గుడిసెలను ఎగురగొట్టుకొనిపోవు ప్రచండవాయువునకు వారు పెట్టుకొన్న పేరును స్పెయిను నావికులు తమ భాషలోనికి తెచ్చుకొనిరి. వారినుండి అది లోకమంతట వ్యాపించినది. బంగాళాఖాతములో మనము తుఫాను అని పిలుచునదియు, అట్లాంటిక్ మహాసముద్రమున వారు హరికేన్ అని పిలుచునదియు స్వభావమున ఒక్కటే: వేడెక్కిన సముద్రజలమునుండి బలము పుంజుకొని, సుడి తిరుగుచు వచ్చి, నేలమీదికెక్కిన పిమ్మట ఆ బలమును క్రమముగ కోల్పోవు వాయుచక్రము. ఆ మాట పుట్టిన దీవులలో ఒకటియగు పోర్టోరికో 2017వ సంవత్సరమున ఆ మాటకు గల నిండు అర్థమును అనుభవించినది. గాలి వెలిసిన తరువాత ఇండ్లకు చేరుకొన్న జనులు దీపము లేక, నీరు లేక, మాసములకొలది ఎట్లు బ్రతికిరో, వారిలో కొందరు ఏల బ్రతుకలేకపోయిరో తెలిసికొనుట సముద్రతీరమున నివసించు మనకు మిక్కిలి అవసరము. కనుక ఈ వ్యాసమున గాలిని గూర్చి కొద్దిగను, దాని వెనుక వచ్చిన చీకటిని గూర్చి విస్తారముగను చెప్పదలచినాను.

పోర్టోరికో సుమారు 100 మైళ్ల పొడవును, 35 మైళ్ల వెడల్పును గల దీవి. 1898లో స్పెయిను చేతినుండి అమెరికా చేతిలోనికి వచ్చి, నేటివరకు ఆ ఏలుబడిలోనే యున్నది. జనులు మాటలాడు భాష మాత్రము స్పానిష్. దీవి నడుమ తూర్పునుండి పడమటికి వెన్నెముకవలె ఒక పర్వతపంక్తి సాగుచున్నది. పెద్ద విద్యుత్కేంద్రములు పెక్కు దక్షిణతీరమున నుండగా, రాజధానియగు సాన్ హువాన్ నగరమును, జనసమ్మర్దము గల ప్రాంతములును ఉత్తరతీరమున నున్నవి. కావున దక్షిణమున పుట్టిన విద్యుత్తు దట్టమైన అడవులమీదుగ, నిటారైన కొండలమీదుగ తీగెలవెంట ప్రయాణము చేసి ఉత్తరమునకు చేరవలసియున్నది. ఈ ఒక్క సంగతిని పాఠకులు గుర్తుంచుకొన్నచో, తరువాత జరిగిన అనర్థములో సగము తెలిసినట్లే.

2017 సెప్టెంబరు 6వ తేదీన ఇర్మా అను హరికేన్ దీవికి ఉత్తరముగ దాటిపోవుచు, 10 లక్షలకు పైగా విద్యుత్ వినియోగదారులను చీకటిలో ముంచిపోయెను. తెగిన తీగెలను లైనుమన్లు ఇంకను ముడివేయుచుండగనే, రెండు వారములు తిరిగి, సెప్టెంబరు 20వ తేదీ ప్రాతఃకాలమున మరియా అను రెండవ హరికేన్ ఆగ్నేయమున యాబుకోవా పట్టణమువద్ద తీరము దాటెను. గాలివేగము గంటకు సుమారు 250 కిలోమీటర్లు. 1928 తరువాత అంతటి గాలి ఆ దీవిమీదికి రాలేదు. అది దీవిని ఆగ్నేయమునుండి వాయవ్యమునకు ఏటవాలుగ చీల్చుకొనుచు ఆ దినముననే మరల సముద్రములో ప్రవేశించెను. కాని అది వెడలిపోవునప్పటికి దీవిలోని సుమారు 15 లక్షల వినియోగదారులలో ప్రభుత్వ తీగెలద్వారా కరెంటు అందుచున్న ఇల్లు దాదాపు ఒక్కటియు మిగులలేదు.

బడులలో తలదాచుకొన్నవారును, బంధువుల కాంక్రీటు ఇండ్లలో ఒదిగినవారును గాలి అణగిన పిమ్మట తమ తమ ఇండ్లకు బయలుదేరిరి. నిన్నటివరకు పచ్చగా నున్న కొండలు దావాగ్నిలో కాలినట్లు గోధుమరంగుతో నిలిచియున్నవి. గాలి చెట్లమీద ఆకును మిగుల్చలేదు. తెలిసిన దారియే తెలియని దారియయ్యెను. ఏ చెట్టును ఆనవాలుగ పెట్టుకొని మలుపు తిరుగుచుండెడివారో ఆ చెట్టే దారికి అడ్డముగ పడియున్నది. ప్రభుత్వపు యంత్రములు వచ్చువరకు వేచియుండక, ఊరివారే మచ్చుకత్తులతో, రంపములతో కొమ్మలను నరికి దారి చేసికొనిరి. ఫోనులు మూగవోయినవి, దీవిలోని సెల్ టవర్లలో నూటికి 95 పనిచేయుట మానినవి. ప్రసారములు సాగించిన బహుకొద్ది రేడియో కేంద్రములలో వాపా రేడియో ఒకటి. ఎవరు బ్రతికియున్నారో, ఏ వంతెన నిలిచినదో, ఏ ఊరికి ఏమి కావలెనో జనులు బ్యాటరీ రేడియోలకు చెవులొగ్గి తెలిసికొనిరి.

ఇల్లు చేరుట ఒక ఎత్తు, ఇంటిలోనికి ప్రవేశించుట మరియొక ఎత్తు. వరద చొచ్చిన ఇంటిలో గోడలు తడిసియుండును. గోడలలోని తీగెలును తడిసియుండును. ఊరంతట కరెంటు లేదు కదాయని నిర్లక్ష్యము చేయరాదు. అది ఏ క్షణముననైనను రావచ్చును. కావున ఆరిన నేలమీద నిలువబడి మెయిన్ స్విచ్చి తీసివేయనిదే గడప దాటరాదనియు, చేయి అందుటకు నీటిలో నడువవలసి వచ్చినచో ఎలక్ట్రీషియన్ వచ్చువరకు ఆగవలెననియు, వీథిలో తెగిపడిన ప్రతి తీగెను కరెంటున్న తీగెగనే భావించి దూరముగ తొలగవలెననియు తుఫానులెరిగిన దేశములలో పెద్దలు పిల్లలకు నేర్పెదరు. ఇంటికప్పు ఎగిరిపోయినవారు దానిమీద నీలిరంగు టార్పాలిన్ పట్టాలు కట్టుకొనిరి. తాత్కాలికముగ కట్టిన ఆ పట్టాలు సంవత్సరము గడచినను వేలాది ఇండ్లపై అట్లే నిలిచి, విమానమునుండి చూచువారికి నేలమీద నీటిమడుగులవలె కనబడుచుండెను.

ఇక వంటిల్లు. కరెంటు పోయిన ఇంట మొదట మరణించునది ఫ్రిజ్. తలుపు మూసియుంచినచో దానిలోని పదార్థములు సుమారు 4 గంటలు చెడక నిలుచును. మంచుగడ్డ కట్టు అర పూర్తిగ నిండియున్నచో 48 గంటలు, సగము నిండియున్నచో 24 గంటలు కాపాడును. ప్రతిసారి తలుపు తెరచి చూచుట ఆ చల్లదనమును చేజేతుల పారబోయుటయే. పోర్టోరికోలోని ఇల్లాండ్రు ఈ లెక్కను ఎరుగనివారు కారు; కాని వారికి వచ్చినది గంటల లెక్క కాక మాసముల లెక్క. అందుచేత తెలివిగల ఇరుగుపొరుగులు అందరి ఫ్రిజ్‌లలోని మాంసమును ఒక్కచోట చేర్చి, వీథిలో పొయ్యి పెట్టి వండి, అందరు కలిసి భుజించిరి. చెడిపోవునది పదిమంది ఆకలి తీర్చినచో అది నష్టము కాదు. తరువాతి దినములలో మంచుగడ్డల సంచి కొరకు తెల్లవారకముందే వరుసలలో నిలువవలసివచ్చెను.

విద్యుత్తు దీపము వెలిగించునదియే యని అనుకొనువారికి, అది లేని దినములలోగాని దాని తక్కిన పనులు తెలియవు. నీటిని పైకి తోడునది అదియే. కావున కరెంటుతోడనే కుళాయి ఎండిపోయెను. పెట్రోలు బంకులో నేలక్రింది ఇంధనమును పైకి తెచ్చునది అదియే. కావున బంకుల ముందు కార్లు మైళ్లకొలది నిలిచెను. బ్యాంకు యంత్రములు నిలిచినవి, దుకాణములలో కార్డులు చెల్లలేదు. చేత నోట్లున్నవాడే ధనవంతుడయ్యెను. కొండప్రాంతములలో జనులు రాళ్లనడుమ ఊరుచున్న ఊటలకు ప్లాస్టిక్ గొట్టములు అమర్చి, దారిప్రక్కన బిందెలు, బకెట్లు నింపుకొనిరి, అచ్చటనే బట్టలుతికికొనిరి. ఆ నీరు చల్లగను, తేటగను కనబడుచున్నను, ఎలుకలు మొదలగు జంతువుల మూత్రముచేత మలినమైనచో లెప్టోస్పైరోసిస్ అను జ్వరమును తెచ్చును. మరియా తరువాత ఆ జ్వరముతో కొందరు మరణించిరి. తేటగా నున్న నీరెల్ల మంచినీరు కాదు; మరగకాచుటకు కట్టెపుల్లలున్నంతకాలము కాచియే త్రాగవలెను.

రాత్రులు మరియొక విధముగ నుండెడివి. పోర్టోరికోలో కోకీ అను బొటనవ్రేలంత కప్ప కలదు. తన పేరునే అరచుచున్నట్లు రాత్రియంతయు కూయును. ఆ దీవివారికి అది జోలపాటతో సమానము. ఆ రాత్రులలో కోకీల కూతమీద జనరేటర్ల రొద క్రమ్ముకొనెను. ఇంటిలోని ఉక్కపోతకు తాళలేక జనులు అరుగులమీదికి, వీథులలోనికి వచ్చి, లాంతరు వెలుతురులో డామినోలాడుచు, సంవత్సరములుగ పలుకరించుకొనని పొరుగువారితో మాటలాడుకొనిరి. మనము ‘కరెంటు పోయినది’ అనునట్లే వారు ‘వెలుగు పోయినది’ అందురు. ఏ వీథికైనను వెలుగు తిరిగివచ్చిన రాత్రి, పిల్లలు, పెద్దలు బయటికి పరుగెత్తి కేకలు వేసి, కన్నీరు కార్చి, ఒకరినొకరు కౌగిలించుకొనిరి. హుద్‌హుద్ తుఫానును చవిచూచిన విశాఖపట్టణము వారికి ఆ కేక ఎట్లుండునో వేరుగ చెప్పనక్కరలేదు.

జనరేటరును గూర్చి ఇచ్చట ఒక మాట గట్టిగ చెప్పవలసియున్నది. ఏలయన, దానిని కొనిపెట్టిన చేతులే తెలియక ఇంటిల్లిపాది ప్రాణములను తీసిన సందర్భములు అనేకములు. పెట్రోలుగాని డీజిలుగాని మండునప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. పీల్చువానికి తలనొప్పి, వికారము, నిద్రమత్తు కలుగును. రక్తములో ప్రాణవాయువు చేరవలసిన చోటును అది ఆక్రమించుకొనుటచే నిద్రలోనే ప్రాణము పోవును. దొంగల భయముచేతనో, వానకు తడియుననియో జనరేటరును వంటింటిలో, వరండాలో, గరాజిలో పెట్టి తలుపులు మూసికొనిన కుటుంబములు తెల్లవారునప్పటికి లేవకపోయిన దుర్ఘటనలు అమెరికా తీరములలో దాదాపు ప్రతి హరికేన్ తరువాత జరుగుచునేయున్నవి. జనరేటరు బయటనే యుండవలెను. కిటికీలకు, తలుపులకు 20 అడుగుల దూరముననుండవలెను. దాని పొగ ఇంటివైపు తిరుగరాదు. రెండవ జాగ్రత్త యేమన, దానిని ఇంటి గోడలోని ప్లగ్గునకు తగిలించి ఇల్లంతయు వెలిగింప యత్నింపరాదు. అట్లు చేసినచో ఆ కరెంటు వెనుకకు ప్రవహించి వీథిలోని తీగెలలో ప్రవేశించును. కరెంటు లేదను నమ్మకముతో స్తంభమెక్కిన లైనుమన్ ఆ తాకిడికి బలియగును. మనకు వెలుగు తెచ్చుటకు వచ్చినవానిని మన వెలుగే చంపుట కంటె దారుణమేమున్నది?

ఇప్పుడు ఈ కథలోని అతి విషాదమైన భాగమునకు వచ్చితిమి. మరియావలన మరణించినవారు 64 మంది యని పోర్టోరికో ప్రభుత్వము మాసములకొలది ప్రకటించుచుండెను. కూలిన గోడలక్రింద, పొంగిన వాగులలో, విరిగిపడిన కొండచరియలలో మరణించినవారు ఆ లెక్కలో నుండిరి. కాని 2018 ఆగస్టులో జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారు, ఆ ప్రభుత్వము కోరికమీదనే, సాధారణ సంవత్సరములలో మరణించువారి సంఖ్యతో పోల్చి, తుఫానునుండి 2018 ఫిబ్రవరివరకు అదనముగ మరణించినవారు 2,975 మంది యని అంచనా వేసిరి. ప్రభుత్వము ఆ సంఖ్యనే అంగీకరించెను. అంతకు దాదాపు మూడు మాసములముందే, 2018 జూను 1వ తేదీన, మృతుల బంధుమిత్రులు సాన్ హువాన్‌లోని శాసనసభ భవనము ఎదుట చెప్పులు పెట్టుట ప్రారంభించిరి. ముదుసలివారి మెత్తని చెప్పులు, పనివారి బూట్లు, చంటిపిల్లల జోళ్లు వరుసలు వరుసలుగ పాలరాతిమీద నిలిచెను. లెక్కలోనికి రానివారిని వారి చెప్పులే లెక్కలోనికి తెచ్చినవి.

వారు ఏమై మరణించిరి? గాలి వారిని తాకలేదు. ఆక్సిజన్ యంత్రము నిలిచిపోయి కొందరు, డయాలసిస్ కేంద్రమునకు దారి లేక కొందరు, చల్లదనము లేక మందు చెడిపోయి కొందరు, వేడిమికి తాళలేక, వైద్యుని పిలుచుటకు ఫోను లేక కొందరు ఒక్కొక్కరుగ రాలిపోయిరి. మృతులలో వృద్ధుల భాగము, బీదవారి భాగము ఎక్కువ. పోర్టోరికోకు చేరిన చిన్నదీవి వియేకెస్‌లోని ఆసుపత్రి తుఫానుకు పాడైపోగా, అచ్చటి డయాలసిస్ రోగులు వారమునకు మూడుసార్లు చిన్న విమానమెక్కి పెద్ద దీవికి పోయి రావలసివచ్చెను. మూత్రపిండములు చెడిన దేహముతో వేకువను బయలుదేరి, రక్తశుద్ధి చేయించుకొని, నీరసముతో రాత్రికి ఇల్లు చేరి, ఒక్క దినము విశ్రమించి మరల అదే ప్రయాణము చేయుట ఎంతటి శిక్షయో ఊహింపవచ్చును. గాలి ఒక పూటలో చేయలేకపోయిన పనిని చీకటి నెమ్మదిగ, చప్పుడు లేకుండ, ఇల్లిల్లు తిరుగుచు చేసినది.

చీకటి అంతకాలము ఏల నిలిచినది? విద్యుత్సంస్థ తుఫానుకు ముందే, 2017 జూలైలో, అప్పులభారముచేత దివాలా పిటిషను వేసియుండెను. సొమ్ము లేనిచోట మరమ్మతులు వెనుకబడును. తీగెలమీద పెరిగిన కొమ్మలను కొట్టువారుండరు. పాతబడిన స్తంభములను మార్చువారుండరు. కొండలమీది ఎత్తైన టవర్లు కూలగా, వాటిని చేరుటకు బాటలు లేక హెలికాప్టర్లు కావలసివచ్చెను. స్తంభములు, తీగెలు, ట్రాన్స్‌ఫార్మర్లు సమస్తము ఓడలమీద రావలసియుండెను. ఆ సంవత్సరాంతమునకు వినియోగదారులలో సగమునకు కొంచెము పైన మాత్రమే కరెంటు తిరిగివచ్చినది. దాదాపు అందరికిని వచ్చినదని ప్రకటింపగలుగుటకు 2018 ఆగస్టువరకు, అనగా 11 మాసములు, పట్టెను. అమెరికా చరిత్రలో అంతటి దీర్ఘమైన చీకటి మరియొకటి లేదు.

అయితే ఈ నిడివిలో జనులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఉటువాదో కొండలలో రియో అబాహో అను పల్లెకు గల ఒక్క వంతెనను వాగు తీసికొనిపోయెను. పల్లెవారు ఈ గట్టునుండి ఆ గట్టునకు ఉక్కుతాడు కట్టి, దానికి కప్పీ అమర్చి, సూపర్‌మార్కెట్టులో సరకులు వేసికొను చక్రాల బండి నొకదానిని వ్రేలాడదీసి, నీళ్లసీసాలు, బియ్యము, మందులు వాగు దాటించుకొనిరి. సంత సరకుకై చేసిన బండి ఆకాశమార్గమున తిరుగుట చూచువారికి వింతయే. ఆ పల్లెకు మాత్రము అది ప్రాణనాడి. సాన్ సెబాస్టియన్ అను పట్టణమున మేయరును, పురపాలక సిబ్బందియు, విద్యుత్సంస్థలో పనిచేసి విశ్రాంతి తీసికొనిన పాతలైనుమన్లును కలిసి, ఎవరికొరకును వేచియుండక, తమ ఊరి తీగెలను తామే నిలబెట్టుకొనిరి.

వీటన్నిటికంటె ఎక్కువగ ఆలోచింపజేయునది అద్‌హుంటాస్ అను కాఫీతోటల ఊరిలోని ‘కాసా పుయెబ్లో’, అనగా ‘ప్రజల ఇల్లు’. 1980లో ఆ కొండలలో గనులు త్రవ్వు ప్రయత్నమును ఎదిరించుటకై అలెక్సిస్ మసోల్ గొన్సాలెస్ అను ఇంజనీరును, ఆయన భార్యయు, మిత్రులును స్థాపించిన సంస్థ అది. గులాబిరంగు గోడలుగల ఆ ఇంటికప్పుపై 1999లోనే సూర్యరశ్మి ఫలకములు అమర్చబడినవి. మరియా మరునాడు దీవియంతయు చీకటిలో నుండగా ఆ ఇంటిలో దీపము వెలిగెను. ఊరివారు అచ్చటికి వచ్చి ఫోనులు చార్జి చేసికొనిరి. ఉబ్బసము గలవారు మందుపొగ పీల్చు యంత్రములు తెచ్చుకొని అచ్చట కూర్చుండి ఊపిరి తీసికొనిరి. ఆ సంస్థవారు వేలకొలది సౌరలాంతర్లను పంచిపెట్టిరి. మందులు భద్రపరచుకొనవలసిన రోగుల ఇండ్లకు సౌరశక్తితో నడచు చిన్న ఫ్రిజ్‌లను చేర్చిరి. ఎక్కడనో దక్షిణతీరమున పుట్టి, నూరు స్తంభములమీదుగ కొండలు దాటి రావలసిన కరెంటు రాలేకపోయిన చోట, ఇంటికప్పుమీద పుట్టి రెండు గజములు ప్రయాణము చేసిన కరెంటు ఊరిని నిలబెట్టినది.

ఆ పాఠమును దీవివారు మరువలేదు. 2022 సెప్టెంబరులో ఫియోనా అను హరికేన్ దీవియంతటను మరల చీకటి చేసినప్పుడు, సౌరఫలకములును బ్యాటరీలును గల ఇండ్లలో దీపములు వెలుగుచునేయుండెను. 2023లో అద్‌హుంటాస్‌లో ఊరి దుకాణములను ఒక్కటిగ కలుపు చిన్న సౌరగ్రిడ్డు ప్రారంభమైనది. నేడు లక్షకు పైగా ఇండ్లు తమ కప్పులమీదనే విద్యుత్తును పుట్టించుకొనుచున్నవి. పెద్దతీగె మాత్రము ఇంకను దుర్బలముగనే యున్నది. 2024 డిసెంబరు 31వ తేదీన, ఏ తుఫాను లేకుండగనే, దీవి దాదాపు మొత్తము చీకటిలో మునిగెను.

ఇదంతయు దూరదేశపు వార్తయని త్రోసివేయుటకు మనకు వీలు లేదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను నేరుగ విశాఖపట్టణముమీదికి వచ్చి కైలాసగిరిమీది పచ్చదనమును ఊడ్చివేసినప్పుడు, పాలప్యాకెట్టుకై, పెట్రోలుకై, మంచినీళ్లకై జనులు నిలిచిన వరుసలను నేటికిని ఆ నగరవాసులు తలచుకొనుచుందురు. ఆ తరువాత నగరములో కొన్ని ప్రాంతముల విద్యుత్తీగెలను నేలక్రిందికి మార్చు పని ప్రపంచబ్యాంకు ఋణసహాయముతో చేపట్టబడినది. అది మంచి పని. కాని తీరమునగల ప్రతి పల్లెకు, ప్రతి లంకకు భూగర్భపు తీగె నేడో రేపో రాదు. తుఫాను ఆశ్రయములమీద, ప్రాథమిక ఆరోగ్యకేంద్రములమీద, మంచినీటి పథకములమీద సౌరఫలకములను, బ్యాటరీలను అమర్చుట అంతకంటె సులభము. వాటిని కోరి సాధించుకొనుట పంచాయతీల పని.

ఇంటింట చేసికొనదగినవియు కలవు. చిన్న సౌరలాంతరు, బ్యాటరీ రేడియో, పది దినములకు సరిపడు మందులు, కొంత చిల్లర సొమ్ము, మూతలుగల పాత్రలలో నీరు ముందుగనే సిద్ధపరచుకొనవలెను. వాడుకలోనున్న ఇన్సులిన్ సాధారణముగ ఎండ తగులని చల్లనిచోట సుమారు నాలుగు వారములు నిలుచును. ఏ రకము ఎంతకాలము నిలుచునో వైద్యునివద్ద ముందుగ తెలిసికొనవలెను. తడియిసుకలో నిలిపిన మట్టికుండ, నీటిని చల్లబరచునట్లే, దానిలో నుంచిన మందును బయటి వేడిమినుండి కాపాడును. మన అవ్వలు మజ్జిగకు చేసిన ఉపాయము మందునకును పనికివచ్చును.

ఆశ్వయుజ కార్తికమాసములు మన తీరమునకు తుఫానుల కాలము. అవి రాకమునుపే, మీ వీథిలో ఏ యింట మందు ఫ్రిజ్‌లో నున్నదో, ఏ యింట ఒక మనిషి ఊపిరి యంత్రముమీద ఆధారపడియున్నదో, ఏ యింట వృద్ధులు ఒంటరిగ నున్నారో ఒక్కసారి నడచి వెళ్లి తెలిసికొనిరండు. గాలి వెలిసిన మరునాడు మీరు మొదట తలుపు తట్టవలసినది ఆ యిండ్లనే.